ఫంక్షన్ సరే, బ్యానర్ వద్దు: ఉత్తర చెన్నైలో అమ్మాయిల పత్రిక, ఒక సంచిక కేస్ స్టడీ

చెన్నైలో పెరంబూరు దాటి వ్యాసర్‌పాడి, కొరుక్కుపేట వైపు వెళ్తే తెలుగు వినిపించే వీధులు ఇప్పటికీ ఉన్నాయి. తాతముత్తాతల కాలంలో పని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఫోన్‌లో రెండూ. అక్కడ పిల్లల కోసం ఒక చదువుల గది నడిపే చిన్న బృందంలో నేను పనిచేస్తాను. ఏడో తరగతి నుంచి ప్లస్ టూ దాకా చదివే అమ్మాయిలు కొందరు మూడు నెలలకోసారి అక్కడ ఒక పత్రిక తెస్తారు. రాసేది, బొమ్మలు వేసేది, ఏ పేజీలో ఏముండాలో కొట్లాడుకునేది వాళ్లే. అచ్చు ఖర్చు చూసుకోవడం, పెద్దవాళ్లతో మాట్లాడటం నా వంతు. వాళ్లు నన్ను 'మిస్' అంటారు, బడిలో టీచర్‌ని పిలిచినట్టే.

ఈ కేస్ స్టడీ ఆ పత్రికలో ఒక్క సంచిక గురించి. రజస్వల ఫంక్షన్లకు వీధిలో కట్టే ఫ్లెక్స్ బ్యానర్ల మీద వచ్చిన సంచిక. పిల్లలను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

అమ్మాయిల కోసం స్త్రీవాద పత్రిక పెట్టాలనుకునేవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: ఏ విషయాలు రాయించాలి? విషయాలకు కరువు లేదు. ఆ పేజీని పిల్ల ఎక్కడ కూర్చుని, ఎవరు వింటుండగా చదువుతుందన్నది ముందు తేల్చుకోవాలి. మా సంచికలో జరిగిన మంచీ చెడూ చాలావరకు దాన్నుంచే వచ్చాయి.

తలుపు వేసుకుని చదివే పత్రికలు

టీనేజ్ అమ్మాయిల పత్రికలంటే చాలామందికి అమెరికా పత్రికలే గుర్తొస్తాయి. 1944లో మొదలైన 'సెవెంటీన్' చాలాకాలం బట్టలు, అలంకారం, మర్యాదలు నేర్పింది. 1988లో వచ్చిన 'శాసీ' అమ్మాయిలతో స్నేహితురాలిలా, లైంగిక విషయాలు కూడా దాచకుండా మాట్లాడింది. కొద్ది నెలలకే మత సంస్థలు ప్రకటనదారుల మీద ఉత్తరాల దాడి మొదలుపెట్టాయి. ప్రకటనలు పోయాయి, పత్రిక గొంతు తగ్గించుకోవాల్సి వచ్చింది. 2003లో ఫ్యాషన్ పత్రికగా మొదలైన 'టీన్ వోగ్', 2016 డిసెంబరులో ట్రంప్ మీద లారెన్ డూకా రాసిన వ్యాసంతో రాజకీయాలు మాట్లాడే పత్రికగా పేరు తెచ్చుకుంది. మరుసటి ఏడాదే దాని అచ్చు ఆగిపోయింది. 2025 నవంబరులో దాన్ని వోగ్ వెబ్‌సైట్‌లో కలిపేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది.

ఇవన్నీ తన గదిలో తలుపు వేసుకుని చదువుకునే పాఠకురాలిని ఊహించుకున్న పత్రికలు. మా పిల్లల్లో చాలామందికి గది లేదు. ఇల్లే ఒక గది. పైగా మా పత్రికను మౌనంగా చదివేవాళ్లు తక్కువ. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పైకి జరుగుతూ 2015-16కి పదో తరగతికి చేరింది. మా పిల్లలు తెలుగులో గలగలా మాట్లాడతారు గానీ, చదవడం మా గదికి వచ్చి నేర్చుకున్నవాళ్లే ఎక్కువ. కొత్తగా నేర్చుకున్నవాళ్లు కూడబలుక్కుంటూ పైకే చదువుతారు. ఇంట్లో అమ్మమ్మ 'ఏం రాశారే అందులో, గట్టిగా చదువు' అంటుంది. తమ్ముడు వింటాడు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న నాన్న కూడా వింటాడు.

కాబట్టి మా పత్రికలో రహస్యం అనే పేజీ ఉండదు. రాసిన ప్రతి వాక్యం ఇంటిల్లిపాదీ వినే వాక్యమే.

తెలుగులో స్త్రీల పత్రికలకు పెద్ద చరిత్రే ఉంది, అందులో సగం ఈ ఊరిదే. 1902 నాటి 'హిందూసుందరి' ఆంధ్ర ప్రాంతంలో వెలువడినా, 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి 'గృహలక్ష్మి' తెచ్చింది మద్రాసు నుంచి. 1940లలో దుర్గాబాయమ్మ (దుర్గాబాయి దేశ్‌ముఖ్) 'ఆంధ్రమహిళ' నడిపిందీ ఇక్కడే. అయితే అవి పదమూడేళ్ల పిల్లను పిల్లగా చూసి రాసిన పత్రికలు కావు. చూడటం కష్టం కూడా. 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసు పద్నాలుగన్నది. అది పద్దెనిమిదైంది 1978లో. అంతకుముందు చాలా ఇళ్లలో ఆ వయసు పిల్ల అప్పటికే ఇల్లాలు. పెళ్లికీ బాల్యానికీ మధ్య నాలుగైదేళ్ల ఖాళీ దొరికాకే ఆ వయసు పాఠకురాలు పుట్టింది. మా సంచికలో గొడవంతా ఆ ఖాళీ గురించే. రజస్వల ఫంక్షన్ ఒకప్పుడు 'పిల్ల పెళ్లికి వచ్చింది' అని ఊరికి చెప్పడమే మరి.

ముఖాలు లెక్కపెట్టిన రోజు

విషయం నేనివ్వలేదు. ఒక తొమ్మిదో తరగతి పిల్ల బడికి వేరే దారిలో వెళ్తోందని మిగతావాళ్లు ఏడిపిస్తుంటే బయటపడింది. వాళ్ల వీధి మొదట్లో తన బ్యానర్ ఉంది. పట్టు పావడా, తల నిండా పూలు, నిలువెత్తు ఫొటో, కింద పేరు, తేదీ. 'బస్సు దిగిన ప్రతివాడికీ నాకు ఏమైందో తెలుసు మిస్' అంది. ఫంక్షన్ అయిపోయి వారం గడిచినా దాన్ని ఎవరూ విప్పలేదు.

ఆ సాయంత్రం ఎవరికి వాళ్లు తమ బ్యానర్ల సంగతులు చెప్పుకున్నారు. ఒకరిద్దరు గర్వంగానే చెప్పారు, అది కూడా రాసుకున్నాం. తర్వాత ఒక పిల్ల అంది, 'మన బ్యానర్లో మనం ఒక్కళ్లమే, కిందంతా మామయ్య వాళ్ల ఫ్రెండ్సే.' ఫోన్లలో ఉన్న ఫొటోలు తీసి ముఖాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ప్రతి దాంట్లో మధ్యలో పిల్ల, కింద వరసగా పాస్‌పోర్ట్ సైజు మగ ముఖాలు: మేనమామ, ఆయన స్నేహితులు, పేట నాయకుడు, కొన్నిట్లో ఒక సినిమా హీరో. అమ్మ ముఖం ఉన్న బ్యానర్ దాదాపు దొరకలేదు. నేను స్త్రీవాదం మీద ఒక్క ముక్క చెప్పకుండానే ఆ రోజు పాఠం అయిపోయింది. ముఖచిత్రం కూడా అదే అయింది: పిల్ల ఉండాల్సిన చోట ఖాళీ, కింద వరసగా మీసాలు.

ఏం అడగాలి?

బ్యానర్ నచ్చలేదన్నదాకా అందరిదీ ఒకే మాట. ఏం చెయ్యాలన్న దగ్గర మూడు ముక్కలయ్యారు.

ప్లస్ వన్ చదివే ఒకమ్మాయి అసలు ఫంక్షనే వద్దని రాద్దామంది. లోలోపల నేనూ ఆమె పక్షమే. రెండో గుంపు కార్పొరేషన్‌కి ఫిర్యాదు చేద్దామంది. అనుమతి లేకుండా వీధిలో బ్యానర్ కట్టకూడదు, 1913కి ఫోన్ చేస్తే చాలు. 2019 సెప్టెంబరులో పళ్లికరణైలో బ్యానర్ మీద పడి, వెనకే వచ్చిన లారీ కింద పడి ఒక యువ ఇంజినీరు చనిపోయిన సంగతి చెన్నైలో అందరికీ గుర్తే. చట్టం వాళ్ల వైపే ఉంది. కానీ ఫిర్యాదు వెళ్లేది ఎవరి మీద? సొంత మేనమామ మీద, ఎదురింటి అన్న మీద. ఫోన్ చేసింది ఎవరో వీధికి తెలియడానికి ఒక పూట పట్టదు. పర్యావరణం గురించి ర్యాలీ తీయించినట్టు దీన్ని తీయించలేం. ఇక్కడ కార్యకర్త రాత్రికి తిరిగి వెళ్లాల్సింది ఆ ఇంటికే.

ఫంక్షన్ వద్దన్న వాదనకు అడ్డం పడింది ఆచారం కాదు, డబ్బు. ఒక పదో తరగతి పిల్ల వాళ్లమ్మ మొయ్ నోట్‌బుక్ చూసి వచ్చింది. చదివింపులను ఇక్కడ మొయ్ అంటారు. ఎవరింట్లో ఏ ఫంక్షన్‌కి ఎంత పెట్టారో అందులో ఏళ్ల తరబడి రాసి ఉంటుంది. మనం పెట్టింది మనింట్లో ఫంక్షన్ జరిగినప్పుడే తిరిగి వస్తుంది. వడ్డీ లేని చిట్టీ లాంటిదే. 'మా అమ్మ ఇన్నేళ్లు పెట్టింది వెనక్కి రావాలంటే నా ఫంక్షన్ జరగాలి మిస్. నేను వద్దంటే ఆ అప్పు నేనిస్తానా?' అంది. ప్లస్ వన్ అమ్మాయి దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గరా లేదు.

అప్పుడు నేను వాళ్లకు 2012 నాటి ఒక సంగతి చెప్పాను. అమెరికాలో జూలియా బ్లూమ్ అనే పద్నాలుగేళ్ల అమ్మాయి 'సెవెంటీన్' పత్రిక మీద ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించింది. అందాల ప్రకటనలన్నీ ఆపండి అనలేదు. నెలకు ఒక్క ఫొటోల వరస, కంప్యూటర్‌లో దిద్దకుండా వేయండి, అంతే. ఎనభై వేలకు పైగా సంతకాలు వచ్చాయి. అమ్మాయిల ముఖాలు, ఒంటి తీరు మార్చబోమని పత్రిక ఆ ఏడాది ఆగస్టు సంచికలో మాట రాసిచ్చింది. సంతకాల లెక్క మా వాళ్లకు పెద్దగా ఎక్కలేదు. 'ఒక్కటే అడిగిందా?' అన్నది మాత్రం ఎక్కింది.

చివరికి పత్రిక మధ్య పేజీలో కత్తిరించుకునే చీటీ ఒకటి అచ్చయింది. 'నా ఫంక్షన్ మీరు చేయండి. నా ఫొటోతో వీధిలో బ్యానర్ మాత్రం వద్దు.' తెలుగులో ఒకవైపు, తమిళంలో ఒకవైపు. ప్లస్ వన్ అమ్మాయి దాని కింద పేరు పెట్టనంది. ఎందుకు పెట్టలేదో ఎదురు పేజీలో రాసింది. 'ఫంక్షన్ ఒప్పుకుంటే బ్యానర్‌ని సగం ఒప్పుకున్నట్టే' అన్నది ఆమె వాదం. ఆ సంచికలో బాగా రాసిన వ్యాసం అదే. కానీ ఇళ్లలో పనికొచ్చింది చీటీ.

పార్లర్ అక్క

వెనక అట్ట మీద ప్రకటన లేకపోతే సంచిక అచ్చుకు వెళ్లదు. ఎప్పుడూ ఇచ్చేది పేటలో బ్యూటీపార్లర్ నడిపే ఒక అక్క. పిల్లలంటే ప్రాణం పెడుతుంది. డబ్బు లేని పిల్ల జుట్టు ఊరికే కత్తిరిస్తుంది. కానీ ఆమె బతుకుతెరువులో సగం రజస్వల ఫంక్షన్ల మేకప్పే. ఈసారి ప్రకటన కూడా అదే పంపింది: ఫంక్షన్ మేకప్ ప్యాకేజీ, దాంతో పాటు నలుపు తగ్గించే ఫేషియల్.

కొందరు పిల్లలు ప్రకటన తీసుకోవద్దన్నారు. నేను 'శాసీ' సంగతి చెప్పాను, 'గృహలక్ష్మి' సంగతీ చెప్పాను. స్త్రీల టానిక్కు 'లోధ్ర' అమ్మిన కేసరిగారే స్త్రీల పత్రిక నడిపారు, వ్యాపారం, పత్రిక ఒకే చేతిలో. ప్రకటన లేని శుద్ధమైన పత్రిక నడపాలంటే వెనక ఎవరైనా డబ్బున్నవాళ్లు ఉండాలి, వాళ్ల మాటా వినాలి. పార్లర్ అక్క మాట వినడమే నయమని నా అభిప్రాయం. ఆమె రోజూ కనిపిస్తుంది, ఆమెతో గొడవ పడొచ్చు.

గొడవ పడటానికి నలుగురు వెళ్లారు, నేను వెనక నిలబడ్డాను. ముఖచిత్రం చూపించగానే అక్క మొదటి మాట: 'ఏంటే, నా పొట్ట కొడతారా?'

'అక్కా, ఫంక్షన్ వద్దనట్లేదు. బ్యానరే వద్దంటున్నాం.'

'ముందు అది చెప్పండే!' అని ఒక్క నిమిషం లెక్కేసుకుంది. 'బ్యానర్ డబ్బు మిగిలితే మేకప్‌కే పెడతార్లే.'

ఆమె వేసిన ఈ లెక్క మా వాదనలన్నిటికంటే గట్టిగా పనిచేసింది. తర్వాత ఇళ్లకు వెళ్లి అమ్మలతో ఆమె చెప్పింది ఇదే. ఫేషియల్ మాట అంత తేలిగ్గా తెగలేదు. 'నలుపు తగ్గించే' అన్నది తీసేయమని పిల్లలు పట్టుబట్టారు. నలుపు తగ్గుతుందనే కదా వస్తారు, ఆ మాట లేకపోతే ఎవరొస్తారని అక్క బాధ. అప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల అంది: '1975 నుంచి ఉన్న ఫెయిర్ అండ్ లవ్లీనే 2020లో పేరు మార్చుకుంది అక్కా, నీకేం?' అక్క నవ్వేసింది. ప్రకటనలో 'ఫేషియల్' మిగిలింది, 'నలుపు' పోయింది. పార్లర్ గోడ మీద బోర్డులో మాత్రం ఇప్పటికీ ఉంది. అది మా పేజీ కాదు.

పేరు లేని ఉత్తరాలు

అనుభవాల పేజీలో పేర్లు వేయలేదు. పేర్లు తీసేస్తే రాసినవాళ్లు క్షేమమని పుస్తకాల్లో ఉంటుంది. చిన్న పేటలో పేరు లేకపోతే జనం ఊహిస్తారు, ఆ ఊహ తప్పవుతుంది. ఒక అనుభవం చదివి వీధంతా 'ఫలానా పిల్లే రాసింది' అనుకుంది. ఆ పిల్ల ఒక్క ముక్క రాయలేదు. ఇంట్లో తిట్లు మాత్రం తింది, కొన్ని వారాలు మా గదికి రానివ్వలేదు. అసలు రాసిన పిల్ల భయంతో నోరు మెదపలేదు. నేను వెళ్లి ఆ తల్లితో మాట్లాడితే, 'రాసింది మీ అమ్మాయి కాదు' అన్నాక 'మరి ఎవరు?' అన్నదే ఆమె మొదటి ప్రశ్న. అది చెప్పలేను కదా. ఆ పిల్ల తిరిగి రావడానికి కారణం నా మాటలు కావు. వాళ్ల అమ్మమ్మ పత్రిక మొత్తం చదివించుకుని విని, 'ఇందులో తప్పేముంది?' అంది. దానికి పరిష్కారం కనిపెట్టింది కూడా పిల్లలే: ఇకపై నాలుగైదు అనుభవాలు కలిపి ఒకే వ్యాసం, కింద 'మేము' అని సంతకం. రాతలో ఒక్క గొంతు ఇచ్చే పదును పోతుంది, నిజమే. పోనివ్వండి.

ఉత్తరాల పెట్టె గురించి ఒక మాట, ఇలాంటి పత్రిక నడపబోయేవాళ్ల కోసం. 'నీ రహస్యం మా దగ్గర భద్రం' అని పెట్టె మీద రాయకండి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. సంపాదకులకు మినహాయింపు లేదు. మా పెట్టె మీద అదే రాసి ఉంది: 'మామూలు సంగతులు మాతోనే ఉంటాయి. ఎవరైనా నిన్ను హింసిస్తున్నారని రాస్తే నీకు సాయం కోసం మేం పెద్దవాళ్లకు చెప్పాలి. వెంటనే మాట్లాడాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098.' ఆ మాట చూసి కొందరు రాయడం మానేసి ఉండొచ్చు. మాటిచ్చి తప్పడం కంటే అది మేలు.

తర్వాత

ఊహించని స్పందన ముసలివాళ్ల నుంచి వచ్చింది. పైకి చదివే పత్రిక కావడం వల్లే అది సాధ్యమైంది. ఒక అమ్మమ్మ చెబుతుంటే మనవరాలు రాసుకొచ్చిన ఉత్తరంలో, తమ రోజుల్లో చాప మీద కూర్చోబెట్టి, ఆడవాళ్లే చుట్టూ చేరి పాటలు పాడేవాళ్లని, మగవాళ్లు గుమ్మం బయటే ఉండేవాళ్లని ఉంది. 'ఫొటో వీధిలో కట్టడం మా ఆచారమా? ఫ్లెక్స్ వాడి ఆచారం' అంది. పిల్లలు అన్న మాటే, ఆమె నోటి నుంచి వస్తే ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. ఆమె చెప్పిన పాతకాలంలో ఆ పిల్లను మూలన కూర్చోబెట్టడం కూడా ఉంది. ఆ మాటను ఆమే ముందు ఎత్తింది, ఉత్తరంలో అలాగే వేశాం.

ఆ సంచిక తర్వాత ఫంక్షన్ అయిన ఇళ్లలో కొన్నిట్లో వీధి బ్యానర్ కట్టలేదు. మంటపం లోపల చిన్నది పెట్టుకున్నారు. ఒక ఇంట్లో ఫొటో లేకుండా పేరుతో కట్టారు. ఇంకో ఇంట్లో పిల్ల చీటీ ఇస్తే వాళ్ల నాన్న సరేనన్నాడు గానీ, మేనమామ తన ఖర్చుతో ముందుకంటే పెద్దది కట్టించాడు. సీరు, అంటే ఫంక్షన్‌కి మేనమామ తెచ్చే కానుకలు, తెచ్చేది ఆయన, వీధిలో ముఖం కనపడాల్సింది ఆయనకు. బ్యానర్ పిల్ల గురించి కాదని ముఖాలు లెక్కపెట్టిన రోజే తేలిపోయింది. ఆ మేనమామను ఎలా కదిలించాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. అబ్బాయిలతో ఒక సంచిక చేద్దామని నేనంటే, 'మన పేజీలు వాళ్లకెందుకు మిస్' అని అమ్మాయిలు కొట్టిపారేశారు. నేను పట్టు వదల్లేదు.

'స్త్రీవాదం అంటే ఏమిటి' అని పెట్టిన పేజీని ఎవరూ చదవలేదు. తర్వాతి సంచికలో దాని చోట పొడుపుకథలు వచ్చాయి.

పార్లర్ అక్క ఈసారి లోపలి పేజీ కూడా అడుగుతోంది. ప్లస్ వన్ అమ్మాయి ఇప్పుడు ప్లస్ టూ. మొయ్ ప్రశ్నకు జవాబు వెతికే పనిలో పడింది: ఆడపిల్ల ఫంక్షన్ చేయకుండానే పెట్టిన డబ్బు వెనక్కి రాబట్టడం ఎలా? తమ్ముడి చెవులు కుట్టే వేడుకకో, కొత్త ఇంటి పాలు పొంగింపుకో పిలిచి వసూలు చేసుకున్న ఇళ్లు పేటలో ఉన్నాయట. ఆ లెక్కలు పట్టికగా వేయాలని ఆమె పట్టుదల. వ్యాసం ఇంకా పూర్తి కాలేదు, నోట్‌బుక్ చూపించడానికి ఏ అమ్మా ఒప్పుకోవడం లేదు.